జూనియర్ అసిస్టెంట్ మెయిన్‌ఫ్రేము

మా ఆఫీసులో పనిచేసి పోయినవాళ్ళలో వంక పెట్టడానికి వీల్లేని ఉద్యోగి ఒక్కడే. టీకని పొద్దున వెళ్ళి మధ్యాహ్నం తిరిగి రావడం ఎరగడు. కుర్చీకి గొడుగు తగిలించి మ్యాట్నీకి పోలేదు. పక్క సీటువాడి మీద ఆకాశరామన్న ఉత్తరం రాయలేదు. ఆయన సంతాపసభలో వందన సమర్పణ చేసింది నేనే. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా వెనకాల గుర్రుమంటూనే ఉన్నాడు. ఎందుకో చెబుతాను, కంగారు పడకండి.

మాది రాష్ట్ర తాడు, చాప, చీపురు అభివృద్ధి మండలి. కాకినాడలో ఆఫీసు. పేరు విని నవ్వేవాళ్ళు చాలామంది. నవ్వండి, మాకేం? ఆ మూడూ లేకుండా మీ ఇంట్లో ఒక్కరోజు గడపండి చూద్దాం. నేను అందులో హెడ్డు గుమాస్తాని, వీరభద్రం అంటారు. ఉద్యోగుల నియామకాలు, సెలవులు, ప్రమోషన్లు, చావులు, అన్నీ నా బల్ల మీదుగానే పోయేవి.

ఎనభైల చివర్లో రాజధానిలో ఎవరికో కంప్యూటర్ పూనింది. అక్కడ పూనితే ఇక్కడ మేం ఊగాలి కదా. "ప్రతి మండలియు ఆర్థిక సంవత్సరాంతములోగా ఆధునికము కావలెను" అని ఉత్తర్వొచ్చింది. మా మేనేజింగ్ డైరెక్టరు సార్వభౌమరావు గారు మహా ఉత్సాహవంతులు. పేపర్లో ఎక్కడ కంప్యూటర్ అనే మాట కనిపించినా దాని కింద ఎర్రగీత గీసి, 'తగు చర్య నిమిత్తం' అని రాసి నాకు పంపేవారు. వధూవరుల ప్రకటనల్లో 'కంప్యూటర్ తెలిసిన వరుడు' అన్నదానికి కూడా గీత గీసి పంపారు. నేనేం తగు చర్య తీసుకోను?

మొత్తానికి మద్రాసు నుంచి కంపెనీ ఇంజనీరు సెల్వం దిగాడు. మంచివాడు. తెలుగు కొంచెం కొంచెం.

"సార్, దీని పేరు మెయిన్‌ఫ్రేము. బ్యాంకులో, రైల్వేలో పెట్టేది, పెద్ద జాతి మెషిను. ఆ జాతిలో అన్నిటికన్నా చిన్నది ఇది. మొదటిసారి కొనేవాళ్ళకి. అందుకని దీన్ని ఎంట్రీ లెవెల్ అంటాం" అన్నాడు.

పెద్దింటి చిన్నకోడలన్నమాట అనుకున్నాను. చిన్నదంటే మళ్ళీ మనం అనుకునే చిన్న కాదు. ఇనప బీరువాలు రెండు పక్కపక్కన నిలబెట్టినంత.

అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. కానీ ఫైళ్ళన్నీ తెలుగులోనే నడవాలని అదే నెలలో ఇంకో ఉత్తర్వొచ్చి చచ్చింది. అనువాదం సీటువాడు నిఘంటువు తిరగేసి 'ఎంట్రీ లెవెల్ మెయిన్‌ఫ్రేమ్' అన్నదాన్ని 'ప్రవేశ స్థాయి మెయిన్‌ఫ్రేము' అని రాశాడు. ఆ ఫైలు నీలాద్రిరావు గారి దగ్గరికెళ్ళింది.

నీలాద్రిరావు గారు మా ఎస్టాబ్లిష్‌మెంట్ ఆఫీసరు. సర్వీసు నిబంధనలు ఆయనకి కంఠతా వచ్చు. ఆయన తుమ్మినా దానికి ఒక ఉపనిబంధన చెప్పగలరు. నన్ను పిలిచి, కళ్ళజోడు పైకి నెట్టి,

"వీరభద్రం గారూ, ప్రవేశ స్థాయి అనగా నేరుగా నియామకము జరుగు అట్టడుగు కేడరు. మన మండలిలో అది జూనియర్ అసిస్టెంటు. మంజూరైన ఖాళీ లేనిదే ఆ స్థాయిలో ఎవరినీ విధుల్లోకి తీసుకొనరాదు" అన్నారు.

"ఎవరినీ అంటే మనుషుల్ని కదండీ. ఇది మెషినండి."

"అభ్యర్థి మనిషి అయి ఉండవలెనని నిబంధనలలో ఎక్కడైనా ఉన్నదా?"

వెతికాను. మధ్యాహ్నం భోజనం మానేసి మరీ వెతికాను. మంచి నడవడిక ఉండాలని ఉంది, ఒకరికి మించి భార్యలు ఉండరాదని ఉంది, మనిషై ఉండాలని ఎక్కడా లేదు. "భారత పౌరుడై ఉండాలని ఉందండి" అన్నాను ఆశగా.

"దానికి సడలింపు కూడా ఉన్నది, తరువాతి పేజీ చూడుడు" అన్నారాయన.

అలా మెయిన్‌ఫ్రేముని జూనియర్ అసిస్టెంటుగా నియమించారు. నవ్వొచ్చే మాటే. నేనూ నవ్వేవాణ్ణే, ఆ ఖాళీ ఎస్తేరురాణిది కాకపోతే.

ఎస్తేరురాణి మా దగ్గర రోజుకూలీ మీద పనిచేసే టైపిస్టు. పనున్న రోజు కూలి, సెలవొస్తే పస్తు. మొగుడు వైజాగు హార్బరు పనికని వెళ్ళి అట్నించటే మాయమయ్యాడు. స్కూల్లో చదివే కూతురుంది. తాళ్ళు పేనే ఆడవాళ్ళ సంఘాల లెక్కలన్నీ ఎస్తేరురాణే కట్టేది, బిల్లులన్నీ ఆ పిల్లే టైపు కొట్టేది. పర్మనెంటు చేయమని పెట్టిన ఫైలు ఏళ్ళ తరబడి బల్లలన్నీ తిరిగి తిరిగి చివరి బల్లకి వచ్చింది. వచ్చే ఏడు దాటితే వయసు పరిమితి దాటిపోతుంది, ఇక జన్మలో పర్మనెంటు లేదు. 'ఈ క్రిస్మస్‌కి నీ ఉద్యోగం ఖాయం అమ్మాయ్' అని నేనే నోరుజారి చెప్పాను కూడా.

"హెడ్డుగారూ, నా పోస్టు ఆ బీరువాకి ఇచ్చేశారటగా?" అని అడిగింది ఆ సాయంత్రం.

"కంగారుపడకు. దానికి ప్రమోషనొస్తే పోస్టు ఖాళీ అవుతుంది" అన్నాను. ఏం చెప్పాలో తెలీక అన్న మాట అది. చూడండి, ఆఫీసులో తెలీక అన్న మాటే ఎప్పుడూ నిజమవుతుంది.

మెయిన్‌ఫ్రేము లారీ దిగింది. దిగేసరికి భోజనాల వేళ దాటింది కాబట్టి 'అపరాహ్ణము విధులలో చేరినారు' అని రాయించారు. చేరినవాడికి వైద్య పరీక్ష తప్పదు. పెద్దాసుపత్రి నుంచి డాక్టరుగారు వచ్చి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, స్టెతస్కోపు ఆనించి విన్నారు. గుండె చప్పుడు ఆగకుండా ఒకే శ్రుతిలో ఉందన్నారు. "బీపీ ఎంతండీ?" అని నీలాద్రిరావు గారు అడిగితే, డాక్టరుగారు సెల్వం వైపు చూశారు.

"రెండొందల ముప్పై వోల్టు సార్" అన్నాడు సెల్వం.

"రెండొందల ముప్పై!" అని డాక్టరుగారు ఉలిక్కిపడి, ఉప్పు తగ్గించమని రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఇక చల్లదనం సంగతి. ఆ మెషినుకి ఏసీ లేకపోతే బుర్ర పనిచేయదని సెల్వం మొదటిరోజే మొత్తుకున్నాడు. నీలాద్రిరావు గారు నింపాదిగా తల అడ్డంగా ఊపారు.

"శీతలయంత్రము గెజిటెడ్ హోదాకే అర్హత. జూనియర్ అసిస్టెంటుకు నలుగురికి కలిపి ఒక సీలింగు ఫ్యాను. ఈయన ఒక్కరే ఉన్నారు గనుక నాలుగోవంతు ఫ్యాను."

"సార్, ఏసీ లేకపోతే మెషిను ఆగిపోతుంది సార్!"

"ఆగిపోయినచో గైర్హాజరుగా పరిగణించబడును."

కాకినాడ ఎండ మీకు తెలుసు కదా. ఉక్కపోతకి మనుషులే కరిగిపోతారు. మెయిన్‌ఫ్రేము పొద్దున్నే లేచి, కాగితం మీద 'రెడీ' అని అచ్చుకొట్టేది. నడినెత్తికి సూర్యుడొచ్చేసరికి టప్పుమని ఆరిపోయేది. చెప్పాపెట్టకుండా విధులకు గైర్హాజరైనందుకు ఎందుకు చర్య తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వమని మెమో తయారైంది. దాన్ని నేనే స్వయంగా ఉడికించిన మైదా రాసి బీరువా తలుపుకి అంటించాను. గడువు దాటినా జవాబు రాలేదు. మౌనం అర్ధాంగీకారం కాబట్టి ఇంక్రిమెంటు కోశారు.

అది ఆరిపోయిన పూట లెక్కలెవరు కట్టాలి? ఎస్తేరురాణి. జూనియర్ అసిస్టెంటు సెలవులో ఉన్నప్పుడు ఆ ఖాళీలో పూట కూలికి పనిచేయొచ్చని నీలాద్రిరావు గారు దయతలిచారు. అంటే ఎండ కాస్తే ఆ పిల్లకి అన్నం. మబ్బు పడితే మెషిను చల్లబడి పనిలోకొస్తుంది, ఈ పిల్ల ఇంటికెళ్ళాలి. ఊరంతా వానకోసం కప్పలకి పెళ్ళిళ్ళు చేస్తుంటే, ఈ పిల్ల ప్రతి ఆదివారం చర్చిలో ఎండకోసం ప్రార్థన చేసేది. చల్లగాలి తగిలితే చాలు, కిటికీలోంచి ఆకాశంకేసి చూసేది.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, కంప్యూటరు ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. అదీ మే నెల మిట్టమధ్యాహ్నం. సార్వభౌమరావు గారికి చెమటలు పట్టాయి.

"నీలాద్రిరావు గారూ, ఆ వేళకి అది ఆరిపోతే నా పరువేం కాను? ఏసీ పెట్టించండి."

"చిత్తం. గెజిటెడ్ హోదా ఇచ్చిన మరుక్షణం పెట్టించెదను."

"అయితే ఇచ్చెయ్యండి హోదా!"

ఇవ్వాలంటే శాఖాపరమైన పరీక్ష పాసవ్వాలి. మెయిన్‌ఫ్రేముని మళ్ళీ లారీ ఎక్కించి జూనియర్ కాలేజీలో పరీక్షకి తీసుకెళ్ళాం. ప్రశ్నలన్నీ సెల్వం మీటల మీద కొట్టిపెట్టాడు. అది రెండు ప్రశ్నలకి జవాబు అచ్చుకొట్టేసరికి ఇన్విజిలేటరు వచ్చి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని కిందికీ పైకీ చూసి, "ఈ అభ్యర్థికి గోడలోంచి వైరొస్తోంది. బయటి నుంచి సాయం అందుతోంది" అని వైరు పీకేశాడు. కాపీ కేసు రాశారు. ఆయన్నేం అంటాం, ఆయన పని ఆయన చేశాడు.

అయినా మంత్రిగారు వస్తున్నారంటే నిబంధనలు కూడా కాస్త ఒంగుతాయి. 'అత్యవసర ప్రాతిపదికన, పరీక్ష ఉత్తీర్ణులగు షరతుపై, తాత్కాలికముగా' మెయిన్‌ఫ్రేముకి అసిస్టెంట్ డైరెక్టరుగా పదోన్నతి ఇచ్చారు. ఏసీ వచ్చింది. తలుపుకి ఆకుపచ్చ కర్టెన్ వచ్చింది. బయట స్టూలు మీద ఒక బంట్రోతు వచ్చాడు. ముందు 'కంప్యూటర్ గోబ్యాక్' అని నినాదాలిచ్చిన మా యూనియన్ వాళ్ళు, అట్టడుగు నుంచి పైకొచ్చిన సోదర ఉద్యోగి అని దానికి దండ వేసి వెళ్ళారు.

మంత్రిగారు వచ్చి, చల్లటి గదిలో కూర్చుని, కొబ్బరినీళ్ళు తాగి, "ఏవోయ్, రాష్ట్రంలో చీపుళ్ళ భవిష్యత్తు ఎలా ఉంది?" అని దాన్నే అడిగారు. సెల్వం భయపడుతూ ఒక మీట నొక్కాడు. అది టకటకమని 'రెడీ' అని కొట్టింది. మంత్రిగారు పరవశించిపోయారు. "ఒక్క ముక్కలో చెప్పాడయ్యా! మీరందరూ ఉన్నారు, అడిగితే గంట ఉపన్యాసం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొట్టకపోతే బాగోదని.

ఆ మర్నాడు, ఇక హాయిగా లెక్కలు కట్టించొచ్చు కదా అని సెల్వం ఉత్సాహంగా చేతులు రుద్దుకున్నాడు. నీలాద్రిరావు గారు అతని చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"ఏమిటండీ మీరు? గెజిటెడ్ అధికారిచేత కూడికలు చేయించెదరా? కింది ఉద్యోగి లెక్క తయారుచేసి సమర్పించవలెను. అధికారి పరిశీలించి ఆమోదించవలెను."

"మరి లెక్క కట్టడానికే కదా సార్ ఈ మెషిను?" అన్నాడు సెల్వం ఏడుపుగొంతుతో.

"అప్పుడు వేరు, ఇప్పుడు హోదా వేరు."

కింది ఉద్యోగి ఎవరు? ఎస్తేరురాణి. బయట వరండాలో ఉక్కలో కూర్చుని లెక్క కట్టేది. ఫైలు పట్టుకుని లోపలికెళ్ళి, మెయిన్‌ఫ్రేము ముందు పెట్టి, మీట నొక్కేది. 'రెడీ' అని వచ్చేది. అదే ఆమోదం. ఆ కాగితం చింపి ఫైలుకి గుచ్చి బయటికి తెచ్చేది. ఒక్కరోజులో గుట్టలు గుట్టలు ఫైళ్ళు తెమిలిపోయాయి. కొర్రీ వేయడు, చర్చించండి అని రాయడు, మీ బావమరిది ఏం చేస్తున్నాడని అడగడు. మా మండలి చరిత్రలో అంత వేగమైన ఆఫీసరు లేడని అవార్డు కూడా వచ్చింది. అందరికీ ఒకటే సంతోషం. ఏసీ చల్లగా తగులుతుంటే ఫైలు లోపలికి తీసుకెళ్ళిన ఆ ఒక్క నిమిషం ఎస్తేరురాణికీ సంతోషమేనట. ఆ పిల్లే చెప్పింది.

నేను మాత్రం ఊరుకోలేదు. ఇప్పుడు జూనియర్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయింది కదా! దుమ్ము దులిపి ఎస్తేరురాణి ఫైలు పైకెత్తి నీలాద్రిరావు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి, చిరునవ్వు నవ్వి, "లీను" అన్నారు.

"ఏంటండి?"

"వారి పదోన్నతి తాత్కాలికము. పరీక్ష పాసు కాలేదు. ఏ క్షణమైనా వెనుకకు రావచ్చును. కనుక పాత పోస్టు మీద వారికి హక్కు ఉంటుంది. దానినే లీను అందురు. ఆ పోస్టు ఖాళీ కాదు, ఖాళీగా ఉన్నది, అంతే."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. బయటికొచ్చి ఎస్తేరురాణికి చెప్పాను. టైపు మిషను మీద కవరు కప్పింది. మెల్లిగా మడతలు సరిచేసింది. "పోనీలెండి హెడ్డుగారూ, బీరువా గారికి చల్లగా ఉంటే చాలు" అంది. ఆ 'గారు' అన్న మాట విని నాకు నెత్తి మీద మొట్టికాయ పడ్డట్టయింది.

కాలం గడిచింది. ఎస్తేరురాణి వయసు పరిమితికి ఆఖరి ఏడు వచ్చింది. అప్పుడొచ్చింది కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం. ఈ రకం మెషిన్లు ఇక తయారుచేయడం లేదనీ, సామాన్లు దొరకవనీ, ఇది ఫలానా తేదీతో 'ఎండ్ ఆఫ్ లైఫ్' అనీ. ఉత్తరం అనువాదం సీటుకి పోయింది. వాడు మళ్ళీ నిఘంటువు తీశాడు. 'మీ మెయిన్‌ఫ్రేము ఫలానా తేదీన జీవితము చాలించినారు' అని రాశాడు.

సార్వభౌమరావు గారు చాలా బాధపడ్డారు. ఆఫీసుకి సగంపూట సెలవిచ్చి, ఆకుపచ్చ కర్టెన్ గదిలోనే సంతాపసభ పెట్టించారు. మొదట్లో నా వెనకాల గుర్రుమన్నాడని చెప్పానే, అదే ఇది. మెషిను శుభ్రంగా పనిచేస్తోంది. దాని మీదే బంతిపూల దండ.

"కీర్తిశేషులు మన మండలికి చేసిన సేవలు మరువరానివి..." అంటున్నారు సార్వభౌమరావు గారు.

టకటక. 'రెడీ'.

"వారు భౌతికముగా మన మధ్య లేకపోయినను..."

టకటక. 'రెడీ'.

సెల్వం ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు. "సార్, ఇది బతికే ఉంది సార్! ఇంకా పదేళ్ళు బంగారంలాగా పనిచేస్తుంది!"

"ఉత్తరం మీ కంపెనీదే కదా. దానికి విరుద్ధముగా మాట్లాడు అధికారం మీకు కలదా?" అన్నారు నీలాద్రిరావు గారు. సెల్వం కూలబడిపోయాడు. నా వందన సమర్పణ అయ్యాక రెండు నిమిషాలు మౌనం పాటించాం. అది పాటించలేదు. దివంగతులకు కరెంటు ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని చెప్పి నీలాద్రిరావు గారే స్వయంగా వైరు పీకారు. మీరేమనుకున్నా సరే, ఆ చప్పుడు ఆగిపోయాక గదిలో నాకు ఏదోలా అనిపించింది.

కానీ నా ఏడుపు నాది. చచ్చినవాడికి లీను ఉండదు కదా! పరుగున వెళ్ళాను ఫైలు పట్టుకుని. ఎస్తేరురాణి కూడా ఈసారి నా వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కూతురు స్కూలు నుంచి నేరుగా వచ్చిందేమో, తల్లి కొంగు పట్టుకుని ఉంది.

"ఖాళీ ఏర్పడిన మాట వాస్తవమే" అన్నారు నీలాద్రిరావు గారు. నేను ఫైలు ముందుకు తోశాను. "అయితే, సర్వీసులో ఉండగా మరణించిన ఉద్యోగి కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకము ఇవ్వవలెను. అది ప్రథమ ప్రాధాన్యము."

"దానికి కుటుంబం ఎక్కడిదండీ! పెళ్ళా, పెటాకులా?"

ఆయన కంపెనీ ఉత్తరం రెండో పేజీ తిప్పి నా ముందు పెట్టారు. 'మా పాత మోడలుకి సక్సెసర్ సిద్ధంగా ఉంది, తక్కువ ధరకి ఇస్తాం' అని ఉంది. పక్కనే అనువాదం. 'మరణించిన వారికి ఒక వారసుడు కలడు.'

వారసుడు చిన్న అట్టపెట్టెలో వచ్చాడు. టీవీలాగా ఉన్నాడు, ముందో మీటల పలక. కారుణ్య నియామకం మీద జూనియర్ అసిస్టెంటుగా చేరాడు. ప్రవేశ స్థాయి కదా, ఏసీ ఇవ్వలేదు. పాత గదికి తాళం వేశారు. 'తండ్రి పోలికే' అన్నారు యూనియన్ వాళ్ళు దండ వేసి.

ఆ రోజు ఎస్తేరురాణి ఏడ్చింది. అన్నేళ్ళలో నేను చూడ్డం అదే మొదలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అట్టపెట్టెని తీసుకెళ్ళి ఉప్పుటేరులో పారేద్దామన్నంత కోపం వచ్చింది. పారేస్తే మళ్ళీ దాని వారసుడొస్తాడని ఊరుకున్నాను.

ఆ తర్వాత కొద్దిరోజులకి హైదరాబాదు నుంచి ఆడిటరుగారు వచ్చారు. సన్నగా, చీపురుపుల్లలాగా ఉంటారు. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

"మీ మండలి కంప్యూటరు కొన్నట్టు ఉంది. అది మీ స్టాకులో ఎక్కడా లేదు. ఎక్కడుంది?"

కొనుగోలు ఫైలు ఒక సెక్షనులో, నియామకం ఫైలు ఇంకో సెక్షనులో నడిచాయి. ఆ రెండు సెక్షన్లకీ మధ్య మాటల్లేవు.

"పక్క గదిలో ఉన్నది..." అని సార్వభౌమరావు గారు మొదలుపెట్టారు.

"అది కీర్తిశేషులైన అధికారి" అని గుర్తుచేశారు నీలాద్రిరావు గారు. "ఆఫీసరును స్టాకులో రాయుట నేరము."

"పోనీ ఆ చిన్నది..."

"అది కారుణ్య నియామకము."

"అంటే కంప్యూటరు లేదు" అన్నారు ఆడిటరుగారు పెన్ను తీస్తూ. "కొన్న వస్తువు లేదంటే మాయం చేసినట్టే. బాధ్యులు మేనేజింగ్ డైరెక్టరు."

సార్వభౌమరావు గారి మొహం సున్నం కొట్టిన గోడయింది. నీలాద్రిరావు గారు మొదటిసారి ఏ నిబంధనా గుర్తురాక నోరు తెరిచారు. అప్పుడు నాకు ఎక్కడలేని తిక్కా పుట్టుకొచ్చింది.

"ఉందండి కంప్యూటరు. వరండాలో ఉంది. రండి చూపిస్తాను" అన్నాను.

తీసుకెళ్ళి ఎస్తేరురాణి ముందు నిలబెట్టాను. ఆ పిల్ల లెక్క కడుతూ లేచి నిలబడింది.

"ఇదా?"

"ఇదేనండి. మా సంఘాల లెక్కలన్నీ ఏళ్ళ తరబడి కట్టింది ఇదొక్కటే. నిఘంటువు చూసుకోండి, కంప్యూటరంటే లెక్కించునది అని ఉంటుంది. మేం మాట తప్పం, నిఘంటువులో ఏముంటే అదే."

ఆడిటరుగారు చుట్టూ తిరిగి చూశారు. ఒక హెచ్చవేత అడిగారు, చెప్పింది. ఒక భాగహారం అడిగారు, శేషంతో సహా చెప్పింది. "కరెంటు ఎంత తింటుంది?" అని అడిగారు. "పూటకో టీ చాలండి" అన్నాను. ఆయన మొహంలో మొదటిసారి వెలుగు కనిపించింది. స్టాకులో రాసుకున్నారు. ఎర్ర రంగు నంబరు బిళ్ళ ఒకటి ఆ పిల్ల కుర్చీకి కొట్టిద్దామంటే, "కుర్చీ వేరే వస్తువు, దానికి వేరే నంబరుంది" అని, బిళ్ళకి తాడు కట్టి మెడలో వేయించారు. తాడు మాత్రం మా మండలిదే.

నీలాద్రిరావు గారికి అప్పటికి ఊపిరి తిరిగి వచ్చింది. గొంతు సవరించుకున్నారు. "ఇకమీదట ఇది మండలి యొక్క శాశ్వత ఆస్తి. దీనిని తొలగించవలెనన్న, పనికిరాని వస్తువులను తేల్చు కండెమ్నేషన్ కమిటీ కూర్చొనవలెను. ఆ కమిటీ ఇంతవరకు ఏర్పడలేదు. కనుక ఎవరును తొలగించజాలరు."

ఎస్తేరురాణి బిళ్ళ పట్టుకుని చూసుకుంటూ, నెమ్మదిగా అడిగింది. "శాశ్వతమంటే... పర్మనెంటేనాండీ?"

"పర్మనెంటే" అన్నారాయన.

ఆ పిల్ల మొహం చూడాలి మీరు. నవ్విందో ఏడ్చిందో తెలీదు. అదృష్టం చూడండి, శాశ్వత ఆస్తికి వయసు పరిమితి కూడా లేదు. జీతం మాత్రం నిర్వహణ ఖర్చు కింద ఇస్తారు. వస్తువు కాబట్టి ఏటా తరుగుదల కింద కొంత విలువ తగ్గిస్తారు. కంప్యూటరు కాబట్టి ఏసీకి అర్హత ఉందని ఆ మధ్యాహ్నమే తాళం తీసి, ఆకుపచ్చ కర్టెన్ గదిలో కూర్చోబెట్టారు. చలికి చెవుల చుట్టూ కొంగు చుట్టుకుని లెక్కలు కట్టుకుంది. నాకు గెలిచాననిపించింది. సిగ్గు కూడా వేసింది. రెండూ ఒకేసారి.

సాయంత్రం బెల్లయ్యాక ఇద్దరం కలిసే బయల్దేరాం. గేటు దగ్గర వాచ్‌మన్ నూకరాజు నాకు దండం పెట్టి, ఆ పిల్లకి కర్ర అడ్డం పెట్టాడు.

"ఏరా, రోజూ చూసే మనిషే కదరా!"

"మనిషైతే పొమ్మందునండి. స్టాకు నంబరున్న వస్తువు గేటు దాటాలంటే పాసుండాలండి. నీలాద్రిరావు గారు ఇప్పుడే చెప్పెళ్ళారండి" అన్నాడు నూకరాజు. వాడి మొహంలో తప్పుచేస్తున్న బాధ ఉంది, కర్ర మాత్రం దించలేదు.

ఎస్తేరురాణి నావైపు చూసింది. "పాప ఇంటి దగ్గర ఒక్కతే ఉంటుందండి హెడ్డుగారూ" అంది, అంతే.

వెనక్కెళ్ళి గేటు పాసు పుస్తకం తెచ్చి, గేటు స్తంభం మీద పెట్టి రాశాను. వస్తువు: కంప్యూటరు ఒకటి. తిరిగి వచ్చునా: రేపు ఉదయం వచ్చును. బయటికి తీసుకుపోవు కారణం అన్నచోట ఏం రాయాలో నాకు తోచలేదు. ఎప్పుడూ మరమ్మతు నిమిత్తం అని రాస్తాం. ఈసారి 'బిడ్డకు అన్నం వండుటకు' అని రాసి సంతకం పెట్టాను.

నూకరాజు దాన్ని కూడబలుక్కుంటూ చదివాడు. ఆ పిల్ల మెడలో ఉన్న బిళ్ళ నంబరూ పాసు మీది నంబరూ ఒకటేనా అని చూసుకున్నాడు. తర్వాత కర్ర దించి, గేటు తీశాడు.